ఇసుకబాటపై పలనాటి బండి

పలనాడు సముద్రము లేని సీమ. ఉత్తరమున కృష్ణానది, పడమటను దక్షిణమునను నల్లమల కొండలు, నడుమ నల్లరేగడి చేలును నాపరాతి నేలలును గల ప్రదేశమది. ఇచ్చటి బాలురకు నీరనిన నాగార్జునసాగరపు కుడికాలువయో, మాచెర్ల చెంతనున్న ఎత్తిపోతల జలపాతమో, ఊరి చెఱువో జ్ఞప్తికి వచ్చును. అయినను సముద్రము ఈ సీమకు మిక్కిలి దూరమున లేదు. నరసరావుపేటనుండి చిలకలూరిపేట, పర్చూరు, చీరాల మీదుగా పోయినచో సుమారు 70 కిలోమీటర్లలో ఓడరేవు చేరవచ్చును. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరమున సూర్యలంక తీరము కలదు. గురజాల, మాచెర్లలనుండి బయలుదేరినవారును తెల్లవారుజామున ప్రయాణమైనచో మధ్యాహ్నమునకు ముందే అలల చప్పుడు వినగలరు.

కార్తికమాసమున సముద్రస్నానము చేయుట తెలుగువారి ప్రాచీనాచారము. పలనాటి కుటుంబములెన్నో ఏటేట ఆ మాసమున సూర్యలంకకును ఓడరేవునకును పోవుచుండును. ఇటీవలి కాలమున ఈ యాత్రకు మఱియొక రూపము కూడ వచ్చినది. కొందరు తల్లిదండ్రులు పిల్లలతో, గుడారముతో, వంటసామగ్రితో బయలుదేరి తీరమున ఒక రాత్రి విడిది చేయుచున్నారు. నాలుగు చక్రములకును యంత్రబలము గల బండి యున్నవారు తీరపు ఇసుకపై దానిని నడుపవలెనని ముచ్చటపడుచున్నారు. ముచ్చట మంచిదే. కాని గట్టినేలపై పుట్టిపెరిగినవారికి ఇసుకనేల స్వభావము తెలియదు. తెలియక పోయినవారి బండ్లు ఇసుకలో దిగబడుటయు, సాయంకాలమునకు పోటునీరు వానిని చుట్టుముట్టుటయు జరుగుచుండును. కావున అట్టి యాత్రకు ముందు ఇసుకను గూర్చియు, సముద్రమును గూర్చియు కొంత తెలిసికొనవలయును.

మొదట బండి సంగతి. సామాన్యమైన కారులో యంత్రము యొక్క బలము రెండు చక్రములకు మాత్రమే అందును. తక్కిన రెండును వానితోపాటు దొర్లును. బలమందిన రెండు చక్రములు మెత్తని నేలలో పట్టు తప్పినచో బండి కదలదు. నాలుగు చక్రములకును బలమందు బండిలో రెండు చక్రములు జారినను మిగిలిన రెండు నేలను పట్టుకొని బండిని లాగగలవు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో 1941 నుండి సైన్యముకొరకు విరివిగా తయారైన జీపు ఇట్టి బండ్లలో ప్రసిద్ధికెక్కినది. యుద్ధానంతరము అది మన దేశమునకును వచ్చి, మంచి బాటలు లేని పల్లెలకు అధికారులను, వైద్యులను చేర్చినది. అయితే ఎత్తుగా, బలిష్ఠముగా కనిపించు ప్రతి బండికిని నాలుగు చక్రముల బలముండదు. ఆకారమును చూచి మోసపోక, ఆ యేర్పాటు కలదో లేదో ముందుగా తెలిసికొనుట మంచిది.

ఇక నేల సంగతి. పలనాటి రైతుకు నల్లరేగడి గుణము బాగుగ తెలియును. ఎండాకాలమున అది రాయివలె గట్టిపడి బీటలువారును. బరువుబండి పోయినను కుంగదు. ఒక్క వాన కురిసినచో జిగురై చక్రములకు చుట్టుకొని ఎడ్లను ఆపివేయును. అనగా రేగడి ఎండినపుడు మోయును, తడిసినపుడు ముంచును. ఇసుక గుణము దీనికి విపరీతము. ఎండిన ఇసుక మోయదు. కొద్దిగా తడిసిన ఇసుక చక్కగా మోయును. ఈ ఒక్క భేదము గ్రహించినవారికి తీరముపై నడచు విద్యలో సగము తెలిసినట్లే.

దీనికి కారణమేమి? ఎండిన ఇసుకరేణువుల నడుమ వానిని పట్టియుంచు బంధమేదియు లేదు. వానిపై బరువు పడగానే అవి ప్రక్కలకు తొలగిపోవును. ఇసుక కొద్దిగా తడిసినపుడు రేణువుల నడుమ సన్నని నీటిపొర ఏర్పడి వానిని ఒకదానితో నొకటి కలిపి పట్టియుంచును. పిల్లలు పిచ్చుకగూళ్లు కట్టునది తడియిసుకతోనే కదా! పొడియిసుకతో గూడు నిలువదు. కాని నీరు మఱియు అధికమై రేణువుల నడుమనున్న ఖాళీలన్నియు నిండిపోయినచో ఆ బంధము సడలును. అపుడు ఇసుక మరల మెత్తనై పారుటకు సిద్ధమగును. కావున పొడియిసుకయు, నీట మునిగిన ఇసుకయు రెండును అపాయకరములే. ఆ రెంటి నడుమనున్న చెమ్మ యిసుక ఒక్కటే నమ్మదగినది.

తీరమున నిలిచి చూచినచో ఈ మూడు నేలలును వరుసగా కనిపించును. అలలు తాకుచున్న అంచున నీరు మెఱయుచుండు ఇసుక మొదటిది. దాని పైభాగమున పోటు వచ్చి వెనుకకు తగ్గిన ఇసుక రెండవది; ముదురురంగుతో చదునుగా, గట్టిగా నుండును. దాని పైభాగమున నాచు, గవ్వలు, పుల్లలు ఒక గీతవలె పేరుకొనియుండును. కడపటి పోటు అంతవరకు వచ్చినదని ఆ గీత తెలుపును. ఆ గీతకు ఆవల తెల్లని పొడియిసుకయు, దాని వెనుక ఇసుకదిబ్బలును, సరుగుడు తోటలును ఉండును. బండి నడువదగినది రెండవ నేలపై మాత్రమే. అచ్చటికి చేరుటకు మాత్రము పొడియిసుకను దాటక తప్పదు. ప్రమాదము సామాన్యముగ అచ్చటనే ఎదురగును.

పొడియిసుకను దాటుటకు అనుభవజ్ఞులు చేయు మొదటి పని చక్రములలోని గాలిని తగ్గించుట. ఇది చూచువారికి వింతగా తోచును. కాని లెక్క వేసినచో విషయము తేటపడును. బండి బరువు సామగ్రితో గూడ 2,000 కిలోగ్రాములనుకొందము. ఒక్కొక్క చక్రముపై 500 కిలోగ్రాముల బరువు పడును. రోడ్డుపై నడచునపుడు చక్రములో చదరపు అంగుళమునకు 32 పౌండ్ల ఒత్తిడి గల గాలి యుండును. అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు రెండుంబావు కిలోగ్రాములు. ఆ లెక్కను చక్రము నేలను తాకు వైశాల్యము ఇంచుమించు 220 చదరపు సెంటీమీటర్లు. గాలిని 18 పౌండ్లకు తగ్గించినచో ఆ వైశాల్యము సుమారు 400 చదరపు సెంటీమీటర్లకు పెరుగును. బరువు మారలేదు, కాని అది ఎక్కువ చోటుపై పరచుకొన్నది. వెడల్పైన పాదములు గల ఒంటె ఎడారి యిసుకపై సులభముగ నడచుట ఈ సూత్రము వలననే.

గాలి తగ్గించిన తరువాత బండిని నిదానముగ, ఆగకుండ, ఒకే తీరున నడుపవలయును. హఠాత్తుగ ఆపినచో చక్రముల ముందు ఇసుక కుప్పవడును. హఠాత్తుగ త్రిప్పినచో ముందుచక్రములు ఇసుకను దున్నును. గాలి తగ్గిన చక్రము గట్టుతప్పి ఊడిపోవుటకు కూడ అవకాశము కలదు. ఒకవేళ బండి దిగబడినచో తొందరపడి యంత్రవేగమును పెంచుట పెద్ద పొరపాటు. చక్రము ఉన్నచోటనే తిరుగుచు తన గోతిని తానే లోతుగ త్రవ్వుకొనును. కొంతసేపటికి బండి అడుగుభాగము ఇసుకపై కూర్చుండును. అపుడు చక్రములకు పట్టే మిగులదు. కావున చక్రము తిరుగుచున్నను బండి కదలలేదని తెలిసిన క్షణముననే ఆపి, అందరును దిగి, చక్రముల ముందున్న ఇసుకను పారతో తీసివేయవలయును. చక్రముల క్రింద పలకలో, తాటిమట్టలో, గోనెపట్టలో పరచి, వచ్చిన జాడలవెంటనే మెల్లగ వెనుకకు నడిపినచో బండి సామాన్యముగ బయటపడును. పారయు, పలకలును, గట్టి మోకును, చక్రములకు గాలిపట్టు పంపును లేకుండ ఇసుకపైకి పోరాదు. ఒంటరిగా పోవుటకంటె మఱియొక బండి తోడుగ నుండుట క్షేమము.

నేల తెలిసినది. ఇక కాలము తెలియవలయును. సముద్రము ఒకేచోట నిలుచునది కాదు. చంద్రుని యొక్కయు సూర్యుని యొక్కయు ఆకర్షణచే తీరమున నీరు దినమునకు రెండుమార్లు పొంగును, రెండుమార్లు తగ్గును. పొంగుటను పోటనియు, తగ్గుటను పాటనియు అందురు. ఒక పోటునకును తరువాతి పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. అందుచేత నేడు ఉదయము ఆరు గంటలకు పోటు వచ్చినచో, రేపటి ఉదయపు పోటు ఆరు గంటల యేబది నిమిషముల ప్రాంతమున వచ్చును. అమావాస్యకును పౌర్ణమికిని సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలియుటచే పోటు హెచ్చుగ నుండును. అష్టమి ప్రాంతమున తక్కువగ నుండును. కార్తిక పౌర్ణమినాడు తీరమునకు జనులు మిక్కుటముగ వచ్చెదరు. ఆనాడే పోటు కూడ పెద్దది. ఈ సంగతి పెద్దలు పిల్లలకు తప్పక చెప్పవలయును.

మన తీరమున పోటునకును పాటునకును గల ఎత్తుభేదము ఇంచుమించు ఒక మీటరు. ఇది విని, ఒక్క మీటరే కదాయని తేలికగ తీసికొనరాదు. తీరము మెల్లగ వాలియుండును. ముప్పది మీటర్ల దూరమునకు ఒక మీటరు మాత్రమే ఎత్తు పెరుగుచోట, నీటిమట్టము ఒక మీటరు హెచ్చినంతనే నీటి అంచు ముప్పది మీటర్లు లోపలికి వచ్చును. బండి నడచిన బాట యంతయు అపుడు నీటిపాలగును. నిలిచియున్న బండి చక్రముల చుట్టు అల వచ్చి పోవునపుడు క్రిందనున్న ఇసుకను కోసికొనిపోవును. అలలో నిలిచినవారి పాదముల క్రింద ఇసుక జారిపోవుట అందరును ఎఱిగినదే. మనిషి పాదమును తీసి మఱియొకచోట పెట్టగలడు. ఇసుకలో కూరుకొన్న బండి అట్లు చేయలేదు. కావున పోటునకు ముందు రెండు గంటలును, తరువాత రెండు గంటలును తీరముపై బండి ఉండరాదు. ఉదయము ఆరు గంటలకు పోటైన దినమున ఎనిమిది గంటలు మొదలు సాయంకాలము నాలుగు గంటలవరకు మాత్రమే అనుకూలమైన సమయము. పోటు వేళలను ప్రతి సంవత్సరము భారత సర్వే శాఖవారు పట్టికలుగ ప్రచురింతురు. హైదరాబాదున 1999లో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము పెద్ద అలలను గూర్చియు, సునామీలను గూర్చియు హెచ్చరికలు చేయుచుండును. ఇవి చూచినను, తీరమున వలలు బాగుచేసికొనుచున్న పెద్దవానిని, “తాతా! నేడు పోటు ఎప్పుడు?” అని అడుగుట మఱవరాదు. ఆ తీరమునకు సంబంధించిన గుంటలు, కాలువలు, మెత్తని చోట్లు అతనికి తెలిసినట్లు పట్టికలకు తెలియవు.

తీరముపై బండి నడుపుట అన్నిచోట్లను అనుమతింపబడినది కాదు. కేరళలో కన్ననూరు సమీపమునగల ముళుప్పిలంగాడు తీరమున సుమారు నాలుగు కిలోమీటర్ల గట్టి యిసుకపై బండ్లు నడుపుట వాడుకలో నున్నది. ఆస్ట్రేలియాలోని గరి ద్వీపమున, అనగా 2023 వరకు ఫ్రేజరు ద్వీపమని పిలువబడినచోట, తూర్పుతీరపు ఇసుకయే రాజమార్గముగ గుర్తింపబడినది. అచ్చట వేగమునకు హద్దు కలదు. రోడ్డుపై వర్తించు నియమములన్నియు వర్తించును. పోటు వేళల నడుపవలదని హెచ్చరికలును కలవు. మన తీరమున అట్టి యేర్పాటు లేనిచోట స్థానికాధికారులను అడిగి, వారి అనుమతి లభించినచోటనే నడుపవలయును. అనుమతి లేనిచో బాట ముగిసినచోటనే బండిని నిలిపి, సామానును చేతబట్టుకొని నడచిపోవుటయే మర్యాద. స్నానము చేయువారును, ఆడుకొను పిల్లలును, ఎండవేసిన వలలును, ఒడ్డున లాగియుంచిన పడవలును ఉన్నచోటికి బండి పోరాదు. యాత్రికులకు ఆ తీరము ఒకనాటి వేడుక. మత్స్యకారులకు అది ఇల్లు, వాకిలి, పొలము.

ఇట్టి నియమములు మనుష్యులకొరకు మాత్రమే కాదు. చలికాలము మొదలు వేసవి ప్రారంభమువరకు, ముఖ్యముగ జనవరి మొదలు మార్చివరకు, ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు రాత్రివేళ మన తీరమునకు వచ్చి గ్రుడ్లు పెట్టును. తల్లితాబేలు పోటుగీతకు ఆవలనున్న ఇసుకలో గోతిని త్రవ్వి, ఇంచుమించు నూఱు గ్రుడ్లను పెట్టి, ఇసుకతో కప్పి సముద్రమునకు మరలిపోవును. సుమారు ఏబది దినములకు పిల్లలు పైకి వచ్చును. చీకటిలో సముద్రముపై కనిపించు లేత వెలుగే వానికి దారి చూపును. బండి చక్రము గ్రుడ్లపై పోయినచో ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవు. చక్రము చేసిన జాడ అరచేతిలో ఇముడు ఆ పిల్లకు పెద్ద అగడ్తయే. అందులో పడినది తెల్లవారువరకు దారిగానక కాకులపాలగును. దీపముల కాంతికి మోసపోయి అవి సముద్రమును విడిచి ఒడ్డువైపునకు పోవుటయు కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ జాతికి అత్యధిక రక్షణ కల్పించినది. తీరప్రాంతమును కాపాడుటకు 1991లో వెలువడిన ప్రకటనయు, దాని స్థానమున వచ్చిన తరువాతి ప్రకటనలును తాబేళ్లు గ్రుడ్లు పెట్టు చోట్లను రక్షింపదగిన వానిగ ఎంచినవి. అటవీశాఖవారు ఆంధ్రతీరమున పలుచోట్ల గ్రుడ్లను సేకరించి, కంచెలోపలి ఇసుకలో భద్రపరచి, పుట్టిన పిల్లలను సముద్రములో విడుచుచున్నారు. కావున రాత్రివేళ తీరముపై బండి నడుపుట ఎంతమాత్రమును తగదు.

ఇసుకదిబ్బలపైకి బండిని ఎక్కించుటయు అట్టి తప్పే. దిబ్బపై మేకగిట్టవలె చీలిన ఆకులుగల ఊదాపూవుల తీగయు, రావణాసురుని మీసములని పిలువబడు ముండ్లగడ్డియు పెరుగును. వాని వేళ్లే ఇసుకను కట్టిపట్టియుంచును. చక్రము వానిని త్రుంచినచో గాలి ఆ దిబ్బను క్రమముగ ఎత్తికొనిపోవును. దిబ్బ తీరపు గ్రామమునకు కోటగోడ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మృతినొందిరి. అట్టి ఉప్పెన వచ్చినపుడు దిబ్బయు, చెట్లును అల యొక్క ఉద్ధృతిని కొంతయైనను తగ్గించును. అంతియేకాదు, దిబ్బలలో ఇంకిన వాననీరు ఉప్పునీటికంటె తేలికగుటచే దానిపై తేలి నిలుచును. బాపట్ల ప్రాంతపు రైతులు తక్కువ లోతున దొరువులు త్రవ్వి ఆ తీయనినీటితోనే పైరులు పండింతురు. మఱికొంత లోతుగ త్రవ్వినచో ఉప్పునీరు వచ్చును. ఏటిలో చెలమ త్రవ్వి నీరు త్రాగిన పలనాటి బాలునకు ఈ సంగతి సులభముగ బోధపడును.

గుడారము వేయుటకు తగిన చోటు పోటుగీతకు చాల ఎగువన, తీగలు పెరిగిన దిబ్బలను త్రొక్కకుండ ఎంచుకొనవలయును. కొబ్బరిచెట్టు క్రింద వేయరాదు. సరుగుడు తోటలో రాలిన ఆకు త్వరగ అంటుకొనును గనుక అచ్చట నిప్పు రాజేయరాదు. గట్టినేలలో పాతు మేకులు ఇసుకలో నిలువవు. చిన్నసంచులలో ఇసుక నింపి, త్రాళ్లను వానికి కట్టి, లోతుగ పూడ్చినచో గుడారము గాలికి నిలుచును. పగలు నేల త్వరగ వేడెక్కుటచే గాలి సముద్రమునుండి ఒడ్డునకు వీచును. రాత్రి నేల త్వరగ చల్లారుటచే ఒడ్డునుండి సముద్రమునకు వీచును. ఈ మార్పును గమనించి పొయ్యిని అమర్చుకొనినచో పొగ గుడారములోనికి రాదు. త్రాగునీరు ఇంటినుండి తగినంత తీసికొనిపోవలయును. వాయుగుండమో, తుపానో రానున్నదని హెచ్చరిక వెలువడినచో ప్రయాణమును మానుకొనుటయే వివేకము.

స్నానమునందును జాగ్రత్త అవసరము. అలలతో ఒడ్డునకు చేరిన నీరు కొన్నిచోట్ల ఇరుకైన పాయగ కూడి వేగముగ లోపలికి మరలును. ఇరుప్రక్కల అలలు విరుగుచుండగ నడుమ నీరు నెమ్మదిగ కనిపించుచోటు తరచు ఇట్టిదై యుండును. చెఱువులో ఈతనేర్చినవాడు ఆ నెమ్మదిని నమ్మి దిగి కొట్టుకొనిపోవును. అట్టివాడు ప్రవాహమునకు ఎదురీదక, తీరమునకు సమాంతరముగ ప్రక్కకు ఈది, పాయ దాటిన తరువాత ఒడ్డునకు రావలయును. పోలీసులు దిగవద్దన్నచోట దిగకపోవుట అన్నిటికంటె ఉత్తమము.

మరలునపుడు గట్టిబాట చేరగానే చక్రములకు గాలి నింపవలయును. గాలి తక్కువగనున్న చక్రము రోడ్డుపై వేగముగ పోయినచో వేడెక్కి పగులును. ఇల్లు చేరినపిదప బండి అడుగుభాగమును మంచినీటితో కడుగనిచో ఉప్పు ఇనుమును తినివేయును. విడిదిచోట కాగితము, సీసా, సంచి ఏదియు మిగులకుండ ఏరి తెచ్చుకొనవలయును.

తీరముపై చక్రముల జాడలను తరువాతి పోటు తుడిచివేయును. త్రుంచిన తీగను, చితికిన గ్రుడ్లను, మునిగిన మనిషిని అది మరల ఇయ్యలేదు. రేగడినేలలో వాన ఎప్పుడు వచ్చునో, దుక్కి ఎప్పుడు చేయవలయునో ఎఱిగి నడచుకొనువాడే మంచి రైతు. ఇసుక ఎచ్చట మోయునో, నీరు ఎప్పుడు వచ్చునో ఎఱిగి, దానికి లోబడి నడచుకొనువాడే మంచి యాత్రికుడు. అట్టివారికి సముద్రము తన అందమును చూపి, పిల్లలతో క్షేమముగ ఇంటికి పంపును.